బొల్లడి మూడో చుట్టు

అనగనగా ఒక కొండ. ఆ కొండ కింద గొర్రెల కాపరుల పల్లె. ఆ కాలంలో జంతువులకు మాటలు వచ్చేవి. వినే ఓపిక మాత్రం అప్పుడు కూడా మనుషుల్లో కొందరికే ఉండేది.

ఆ పల్లెలో సుంకమ్మ అనే కాపరి ఉండేది. ఆమెకు ఒక ఇల్లు, అరవై గొర్రెలు, బొల్లడు అనే కుక్క. నల్లటి ముఖం మీద చేతి వెడల్పున తెల్ల మచ్చ ఉంది కాబట్టి వాడు బొల్లడు. పదేళ్లుగా వాడు సుంకమ్మ గొర్రెలనే కాదు, పల్లె మంద మొత్తాన్నీ కాశాడు. ఇప్పుడు మూతి నెరిసింది. ఎండలో కూర్చుంటే లేవడానికి కాస్త ఆలోచిస్తున్నాడు. అయినా ఒక్క గొర్రెపిల్ల తక్కువైతే చాలు, అందరికంటే ముందు వాడికే తెలిసేది.

ఆ పల్లెకు రెండు కట్టుబాట్లు ఉండేవి.

చిరుతపులికి ఇనుప ఉచ్చు పెట్టినవాడు పక్కనున్న కొమ్మకు ఎర్ర గుడ్డ కట్టాలి. కట్టనివాడు ఎంతటివాడైనా పెద్దరికం వదులుకోవాలి. ఇది మొదటిది.

వానలు వెలిశాక మందకు కొత్తచోట దొడ్డి వేస్తారు. ఆ రోజు పల్లెలోని ప్రతి కుక్కా కొత్త దొడ్డి చుట్టూ మూడు చుట్లు తిరగాలి. తిరిగిన కుక్కకు ఏడాది పొడుగునా వంతులవారీగా ఇంటింటి నుంచీ సంగటి ముద్ద వస్తుంది. తిరగలేని కుక్కను వాగు దాటించి వదిలేస్తారు. ఆ తరువాత అది ఏమైందని ఎవరూ అడగరు. ఇది రెండవది.

ఆ ఏడు వానాకాలంలో ఒక చిరుత రెండు గొర్రెలను ఎత్తుకుపోయింది. మందపెద్ద గాదిలింగప్ప ఉచ్చు పెట్టాడు. మరునాడు ఉదయం, తప్పిపోయిన గొర్రెపిల్ల కోసం బొల్లడు పొదల్లోకి వెళ్లాడు. ఇనుప పళ్లు వాడి ఎడమ ముందరికాలిని కరిచిపట్టాయి.

సుంకమ్మ పరుగెత్తుకుని వెళ్లి, గొడ్డలి కామ దూర్చి ఉచ్చును తెరిచింది. తెరిచాక చుట్టూ చూసింది. ఏ కొమ్మకూ ఎర్ర గుడ్డ లేదు.

పంచాయితీ కూర్చుంది.

"గుడ్డ కట్టాను. గాలికి ఎగిరిపోయి ఉంటుంది" అన్నాడు గాదిలింగప్ప.

"నిన్న సాయంత్రం ఆ చెట్టు కిందే కూర్చున్నాను" అన్నాడు బొల్లడు, సుంకమ్మ ఒడిలో నుంచి. "గుడ్డా లేదు, గాలీ లేదు."

"కుక్క మాట సాక్ష్యం కాదు" అన్నాడు గాదిలింగప్ప.

పెద్దలు తలలూపారు. వాళ్ల తాతలు కూడా అలాగే ఊపారట.

"ఉచ్చులు ఎన్ని పెట్టావప్పా?" అని ఒక ముసలాయన అడిగాడు.

"ఒకటే. దాన్నీ తీసేయించాను కదా" అన్నాడు మందపెద్ద. పంచాయితీ లేచిపోయింది. నెత్తురు కారుతున్న కుక్కను ఎత్తుకుని సుంకమ్మ ఒక్కతే మిగిలింది.

మూడు రోజులకు కాలు కుళ్లింది. పసుల వైద్యుడు ఖాదర్ సాహెబు వచ్చి చూసి, కాలు తీయకపోతే ప్రాణం పోతుందన్నాడు. నల్లమందు పట్టించి, భుజం దగ్గర కోసి, కుట్లు వేశాడు. చేతులు కడుక్కుంటూ ఇలా అన్నాడు:

"కాలు తీయడం నా పని. ఒక్క పూటలో అయిపోయింది. వాణ్ణి మళ్లీ నడిపించడం నీ పని. దానికి నలభై రోజులు పడుతుంది. కుట్లు నాకనివ్వొద్దు. గెంతనివ్వొద్దు. నున్నటి బండల మీద అసలు నడవనివ్వొద్దు."

సుంకమ్మ కళ్లు తుడుచుకుంటూ కూర్చునే మనిషి కాదు. ఇంట్లో నేల అంతా నున్నటి బండలే. ఆ బండల మీద ఉన్న కంబళ్లన్నీ పరిచింది. అడుగూడిన గంపను బొల్లడి మెడకు తగిలించింది, నాలుక కుట్లను అందుకోకుండా. మెడ వంచి తింటే ముందుకు పడతాడని గిన్నెను బోర్లించిన తొట్టి మీద పెట్టింది. పూటకొకసారి పక్క మార్చి పడుకోబెట్టింది. గాయం మీద ఈగ వాలితే ఆ ఈగకు ఆయుష్షు తీరినట్టే.

ఈ పనుల మధ్య ముగ్గురు మనుషులు ఆమె గుమ్మం తొక్కారు.

మొదట కంబళ్లు కొనే శెట్టి వచ్చాడు.

"ముసలి కుక్క, పైగా కుంటిది. ఎందుకమ్మా నీకీ చాకిరీ? దాని దారిన దాన్ని పోనీ. నేను మంచి పిల్లను తెచ్చిస్తాను, నాలుగు కాళ్లూ గట్టిగా ఉన్నదాన్ని" అన్నాడు.

"శెట్టిగారూ, పోయినేడు మీకు చెయ్యి పడిపోయింది కదా" అంది సుంకమ్మ. "మీ ఇంట్లోవాళ్లు ఇంకో శెట్టిని తెచ్చుకున్నారా?"

శెట్టి బాగున్న చేత్తో చెప్పులు వెతుక్కున్నాడు.

రెండవసారి పక్కింటి గంగులమ్మ వచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "అయ్యో నా తండ్రీ, నీకెంత కష్టమొచ్చిందిరా!" అంటూ వెన్న వేసిన సంగటి ముద్ద పెట్టింది. ఆమెను చూసి ఇంకో ఇల్లు, ఆ ఇంటిని చూసి మరో ఇల్లు. సుంకమ్మ మందతో కొండకు వెళ్లి వచ్చేలోగా రోజుకు ఏడు ముద్దలు. బొల్లడు కాదనలేదు. ఏడుస్తూ పెట్టినా సంగటి సంగటేనని వాడి అభిప్రాయం.

పదిరోజులకు ఖాదర్ సాహెబు వచ్చి కుక్కను ఎత్తబోయి, నడుము పట్టుకున్నాడు.

"నాలుగు కాళ్లు మోసిన ఒళ్లును ఇప్పుడు మూడు మొయ్యాలి. మీరు దీని మీద ఇంకో కుక్కను ఎక్కించారు! వీడెలా లేస్తాడు?"

సుంకమ్మ వీధిలోకి వచ్చింది. చేతిలో సంగటి కెలికే కట్టె ఉంది.

"అందరూ వినండి! పంచాయితీలో వీడి మాట వినమంటే ఒక్కరికీ నోరు రాలేదు. ఇప్పుడు ముద్దలు మాత్రం తెస్తున్నారు. ఇకమీదట వీడికి ముద్ద పెట్టినవాళ్లు, సాయంత్రం దాకా వీణ్ణి భుజాన వేసుకుని తిప్పాలి!"

ముద్దలు ఆగిపోయాయి.

మూడవసారి మందపెద్దే వచ్చాడు. లోపలికి రాకుండా గుమ్మంలోనే చేతికర్ర ఆనించి నిలబడ్డాడు. అది మామూలు కర్ర కాదు. వెండి పొన్ను వేసిన పెద్దరికపు కర్ర.

"సుంకమ్మా, ఇంకో ముప్పై రోజుల్లో కొత్త దొడ్డి. నీ కుక్క కూడా మూడు చుట్లు తిరగాలి. నాకేం పగ లేదు. కట్టుబాటు కట్టుబాటే."

"ఎర్ర గుడ్డది కట్టుబాటు కాదా అన్నా?"

"చెప్పాను కదా, అది గాలికి పోయింది."

"బాగుందన్నా. నీ దగ్గరికొస్తే గాలి. మా దగ్గరికొస్తే కట్టుబాటు!"

గాదిలింగప్ప ముఖం మాడ్చుకుని వెళ్లిపోయాడు. సుంకమ్మ లోపలికి వచ్చి బొల్లడి ముందు గొంతుక్కూర్చుంది. విన్నావా అన్నట్టు చూసింది.

"విన్నాను" అన్నాడు బొల్లడు. "వాగు అవతల గడ్డి మెత్తగానే ఉంటుందిలే."

"లే" అంది సుంకమ్మ.

"ఎలా లేవను? కాలు లేదు."

"మూడున్నాయి. నాకు రెండే. నేను రోజూ కొండ ఎక్కడం లేదా?"

బొల్లడు మూడు కాళ్లనూ కూడదీసుకున్నాడు. లేచాడు. వెంటనే ముక్కు నేలకు తగిలేలా పడ్డాడు.

సుంకమ్మ పాత కంబళిని చీల్చి వెడల్పాటి పట్టీ చేసింది. దాన్ని వాడి రొమ్ము కింద నుంచి పోనిచ్చి, రెండు కొసలూ చేత్తో పట్టుకుంది. వాడు పడబోతే పట్టీ ఆపుతుంది, నిలబడితే వదులవుతుంది. మొదటి రోజు మూడు అడుగులు. రెండవ రోజు మళ్లీ మూడే. వారానికి వాకిలి దాకా. మిగిలిన ముందరికాలు బరువుకు నొప్పెడితే వేడి ఆముదం రాసి మర్దనా చేసింది. ఒకరోజు బొల్లడు సిగ్గుపడుతూ, "లేని కాలు దురద పెడుతోంది" అన్నాడు. సుంకమ్మ నవ్వలేదు. ఉన్న కాలును గీకింది. "ఇప్పుడో?" అంది. "కాస్త నయం" అన్నాడు వాడు.

ఇరవయ్యో రోజున పట్టీ లేకుండా వీధి చివరిదాకా వెళ్లి వచ్చాడు. ఒక్క చిక్కు మాత్రం పోలేదు. అలసిపోతే నడక తిన్నగా సాగదు. లేని కాలు వైపుకి, ఎడమకి ఒరిగిపోతాడు.

"తిన్నగా నడువు" అనేది సుంకమ్మ.

"నేను తిన్నగానే నడుస్తున్నాను. భూమే వంకరగా ఉంది" అనేవాడు బొల్లడు.

కొత్త దొడ్డి రోజు వచ్చింది. కొండకు తూర్పున, మోకాలెత్తు గడ్డి పెరిగిన వాలులో కంపకంచె వేశారు. పల్లె పల్లెంతా వచ్చింది. పిల్లలు గడ్డిలో పడి దొర్లడానికి తొందరపడుతున్నారు. చుట్లు పూర్తయ్యేదాకా ఎవరూ గడ్డిలో అడుగు పెట్టకూడదని పెద్దలు గదమాయించి కూర్చోబెట్టారు.

పడుచు కుక్కలు కంచెను ఆనుకుని, గీత గీసినట్టు తిరిగి వచ్చాయి. చివరికి బొల్లడి వంతు వచ్చింది.

మొదటి చుట్టు బాగా సాగింది. రెండవ చుట్టులో నాలుక బయటికి వచ్చింది. "చాలులే, మానుకోమనండి పాపం" అంది గంగులమ్మ. సుంకమ్మ ఆమెవైపు ఒక్క చూపు చూసింది. గంగులమ్మ నోరు మూసుకుంది.

మూడవ చుట్టు సగానికి వచ్చేసరికి బొల్లడి ఒళ్లు ఎడమకి ఒరిగింది. వాడు కంచెను విడిచి, ఒక్కో అడుగే పల్లంలోకి, గడ్డిలోకి పోసాగాడు.

"దారి తప్పాడు! అయిపోయింది, ఓడిపోయాడు!" అని గాదిలింగప్ప కర్ర ఎత్తాడు.

అప్పుడు బొల్లడు ఆగిపోయాడు. మెడ మీది వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. మూడు కాళ్లూ మేకులు దిగేసినట్టు నిలబడ్డాయి.

"ఇక్కడ ఇనుము ఉంది" అన్నాడు. "నా కాలును తిన్న వాసన ఇదే."

"కుక్క మాట సాక్ష్యం కాదు!" అని అరిచాడు మందపెద్ద.

"మంచిది. అయితే నా కర్రను అడుగుదాం" అని సుంకమ్మ పల్లంలోకి దిగింది. గొర్రెలను అదిలించే కర్రను గడ్డిలోకి చాచి ముందుకు వంగింది.

"ఆగు సుంకమ్మా! ఉచ్చు అక్కడ కాదు, ఇంకా ఎడమకి ఉంది! చెయ్యి పోతుంది!"

ఆ కేక వేసింది గాదిలింగప్పే.

సుంకమ్మ వెనక్కి తిరిగి అతన్ని చూసింది. పల్లె మొత్తం అతనివైపే చూసింది. తరువాత ఆమె కర్రను ఇంకా ఎడమకి జరిపి పొడిచింది. గడ్డిలో నుంచి ఇనుప పళ్లు ఎగిరి చప్పున మూసుకున్నాయి. కర్ర రెండు ముక్కలైంది.

విరిగిన ముక్కను పట్టుకుని సుంకమ్మ పైకి వచ్చింది.

"అన్నా, ఒకటే పెట్టానన్నావు. ఇదెవరిది? ఎడమకి ఉందని నీకెలా తెలుసు? దీని ఎర్ర గుడ్డ ఏది? దాన్ని కూడా గాలే ఎత్తుకుపోయిందా?"

గాదిలింగప్ప తల దించుకుని చెప్పాడు.

"రెండు పెట్టాను. వాన పడుతోంది, గుడ్డలకోసం మళ్లీ ఇంటికి వెళ్లడానికి బద్ధకించాను. ఒకటే అని చెప్పాక రెండవదాన్ని నలుగురి ఎదుట తీయలేకపోయాను. చాటుగా రెండుసార్లు వచ్చి వెతికాను. గడ్డి కమ్మేసింది. చోటు గుర్తుంది కానీ ఉచ్చు చేతికి దొరకలేదు."

"చోటు గుర్తుంది!" అంది సుంకమ్మ. ఆమె గొంతు కొండకు తగిలి వెనక్కి వచ్చింది. "గుర్తుండి, ఇక్కడ దొడ్డి వేస్తామంటే నోరు మూసుకున్నావు. అదిగో, నీ మనవరాలే ఈ గడ్డిలో దొర్లాలని కూర్చుని ఉంది. నీ కర్రకు మచ్చ రాకుండా ఎందరి కాళ్లు పోవాలి? నువ్వు గుడ్డ కట్టలేదని వీడు ఆ రోజే చెప్పాడు. పెద్దలూ, మీరు వినలేదు. ఆ రోజు వినుంటే రెండవది ఎక్కడుందో అప్పుడే బయటపడేది. వీడు కుక్క కాబట్టి అబద్ధం, ఆయన పెద్ద కాబట్టి నిజం! ఇదా మీ పంచాయితీ?"

తలలూపిన పెద్దలు నేల చూపులు చూశారు. తలూపడానికి ఇప్పుడు ఎవరికీ మెడ తిరగలేదు.

గాదిలింగప్ప వెండి పొన్ను కర్రను తెచ్చి సుంకమ్మ కాళ్ల దగ్గర పెట్టాడు. "తప్పయిపోయింది తల్లీ" అన్నాడు.

"నాకెందుకు చెబుతున్నావు? కాలు పోయింది నాదా?"

గాదిలింగప్ప గడ్డిలోకి నడిచి, బొల్లడి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. "తప్పు చేశాను. నీ మాట నిజం. నాది అబద్ధం" అని అందరికీ వినపడేలా చెప్పాడు.

బొల్లడు అతని చేతిని వాసన చూశాడు.

"నా కాలు తిరిగి రాదు" అన్నాడు. "కాస్త పక్కకు జరుగు. నాకింకా సగం చుట్టు మిగిలి ఉంది."

తిరగనక్కరలేదని పెద్దలు కేకలేశారు. వాడు వినలేదు. ఒరుగుతూ, ఆగుతూ, మళ్లీ ఒరుగుతూ కంచె దగ్గరికి వచ్చి, మూడవ చుట్టు పూర్తి చేసి సుంకమ్మ కాళ్ల దగ్గర కూలబడ్డాడు. ఆమె వాడి భుజం మీద చెయ్యి వేసి నొక్కసాగింది.

ఆ రోజే పల్లె రెండు మాటలు ఖాయం చేసుకుంది. మంద సంగతిలో కుక్క చెప్పిన మాట సాక్ష్యమే. ముసలిదైనా, కుంటిదైనా, కాపలా కాసిన కుక్కను ఇకమీదట వాగు దాటించకూడదు. వెండి పొన్ను కర్రను మాత్రం సుంకమ్మ తీసుకోలేదు. తన కర్ర విరిగింది కాబట్టి గొర్రెలను అదిలించడానికి మామూలు వెదురు కర్ర ఒకటి ఇమ్మని అడిగింది.

"ఇక ముద్దలు మొదలుపెట్టవచ్చా?" అని గంగులమ్మ మెల్లగా అడిగింది.

"రోజుకు ఒక్కటే. వెన్న వెయ్యకుండా" అంది సుంకమ్మ.

"ఇది అన్యాయం" అన్నాడు బొల్లడు. సాక్ష్యం చెల్లుతుందని తేలిన తరువాత వాడు మొట్టమొదట చెప్పిన మాట అదే. అది మాత్రం ఎవరూ పట్టించుకోలేదు.

పిల్లలూ, ఇందులోని నీతి ఇది: దెబ్బ తిన్నవాడి మీద జాలి కురిపిస్తే సరిపోదు, వాడి మాట విని, వాడు తన కాళ్ల మీద తాను నిలబడే చోటు వాడికి ఇవ్వడమే న్యాయం.