సోమన్న పేరు మీద సారా

వాగుకీ కొండకీ మధ్య ఒక పచ్చిక మైదానం ఉండేది. అది ఏ ఒక్కరి సొత్తూ కాదు. తొలకరి పడ్డాక అడవిలో ఉండేవాళ్ళూ, అడవి అంచున ఉండేవాళ్ళూ పిల్లాజెల్లాతో అక్కడ చేరి ఒక పూట పండగ చేసుకునేవారు. నెమళ్ళు ఆడేవి. కోతులు తప్పెట కొట్టేవి. ఉడతలు దాచుకున్న గింజలు తెచ్చి అందరికీ పంచేవి.

నిరుడు ఆ పండగలో నక్క గవరయ్య ఇప్పసారా పోశాడు. దొప్పకి ఇన్ని గింజలని తీసుకుని మరీ పోశాడు. మధ్యాహ్నానికల్లా అడవిపందులకి తలకెక్కింది. వాటిలో అవి కుమ్ముకుంటూ పిల్లలు ఆడుకునే చోటికి వచ్చి పడ్డాయి. దుప్పి నీలమ్మ కూతురు వాటి కాళ్ళ కింద నలిగింది. వెనక కాలు విరిగింది. ఏడాది తిరిగినా ఆ పిల్ల మూడు కాళ్ళ మీదే గెంతుతోంది.

మర్నాడు మత్తు దిగాక పందులు నీలమ్మ దగ్గరికి వచ్చి తల దించుకుని నిలబడ్డాయి. గవరయ్య అటు తొంగి కూడా చూడలేదు. నీలమ్మే వెళ్ళి నిలదీసింది.

"నేను పోశాను, వాళ్ళు తాగారు. తొక్కింది వాళ్ళు. మధ్యలో నన్నెందుకు అడుగుతావు?" అన్నాడు గవరయ్య, పళ్ళ సందులో పుల్ల పెట్టుకుంటూ.

నీలమ్మ అక్కడ ఏడవలేదు. ఇంటికొచ్చీ ఏడవలేదు. పొద పొదకీ, గుహ గుహకీ తిరిగి అందరినీ కూడగట్టింది. అడవికి పెద్ద అయిన ఏనుగు దగ్గరికి తీసుకెళ్ళి ఒక కట్టుబాటు పెట్టించింది. ఇకమీదట మైదానంలో సారా పోయాలంటే అనుమతి ఉండాలి. అడిగేవాడు ఏం పోస్తాడో మట్టి పలక మీద రాసి తన కాలి ముద్ర వేయాలి. ఆ పలకని మూడు రోజులు మైదానంలో ఉంచాలి. ఎవరూ అడ్డు చెప్పకపోతే ఏనుగు దాని మీద తన ముద్ర వేస్తాడు. ఆ రోజు ఏ కీడు జరిగినా అనుమతి తీసుకున్నవాడే జవాబు చెప్పుకోవాలి. నిరుడు గొడవకి కారణమైనవాళ్ళకి అసలు అనుమతే లేదు.

అంటే గవరయ్యకి దారి మూసుకుపోయింది. కానీ నిరుడు వచ్చిన గింజల రుచి వాడి నాలుక మీద ఇంకా ఉంది. తనకి అనుమతి రాకపోతే, వచ్చేవాడిని వెతుక్కోవాలి. వెతుక్కుని వెతుక్కుని అడవి అంచున ఉన్న ముసలి ఎద్దు సోమన్న దగ్గరికి వెళ్ళాడు.

సోమన్న పాతికేళ్ళ బతుకులో సగం నాగలి కింద గడిపినవాడు. ఎవరి మీదా కొమ్ము విసిరి ఎరగడు. అతని మాటంటే అడవిలో అందరికీ గురి. చదువు మాత్రం లేదు.

"బావా, ఈసారి పండక్కి ఎండ మండిపోతుందంటున్నారు. పిల్లలకి నీళ్ళ పందిరి పెడదామని నా ఆలోచన," అన్నాడు గవరయ్య.

"మంచిదే. పెట్టు."

"నేను పెడతానంటే ఎవరు నమ్ముతారు బావా? ఒకసారి చెడ్డపేరు వచ్చాక నీళ్ళు పోసినా విషమే అంటారు. నువ్వు ఈ పలక మీద ఒక ముద్ర వేస్తే చాలు. కుండలు నేను మోస్తాను, కష్టం నేను పడతాను."

"నీళ్ళకి కూడా ముద్ర కావాలా?"

"అన్నిటికీ కావాలిప్పుడు. నీలమ్మ పెట్టిన కట్టుబాటు కదా."

నీలమ్మ పేరు వినగానే సోమన్న ఇంకేమీ అడగలేదు. కుడికాలి గిట్ట ఎత్తి తడి మట్టి మీద మోపాడు.

పలకని మూడు రోజులు మైదానంలో ఉంచాలి కదా. గవరయ్య ఉంచాడు. మైదానం కొసన, ఎవరూ తల దూర్చని రేగుకంప నడుమ ఉంచాడు. నాలుగోనాడు తీసి తుడిచి, సోమన్న పంపాడని చెప్పి ఏనుగు ముందు పెట్టాడు. సోమన్న ముద్ర చూసి ఏనుగు సంతోషించాడు. "సోమన్న దగ్గరుండి చూసుకుంటానంటే నాకు బెంగ లేదు" అని తన ముద్ర కూడా వేశాడు. సోమన్నని పిలిచి ఒక్కమాట అడగలేదు.

పండగ రేపనగా నీలమ్మ మైదానం మీదుగా వెళ్తూ ఇప్పసారా వాసన పట్టింది. చెట్ల కింద పన్నెండు కుండలు వరసగా ఉన్నాయి. నేరుగా ఏనుగు దగ్గరికి వెళ్ళింది.

"పెద్దయ్యా, మళ్ళీ సారా ఎలా వచ్చింది?"

"అనుమతి ఉందమ్మా. పలక మూడు రోజులు మైదానంలోనే ఉంది. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు."

"మైదానంలో ఎక్కడ ఉంది?"

ఏనుగు కాస్త తడబడ్డాడు. "రేగుకంప దగ్గర పెట్టానన్నాడు గవరయ్య."

"రేగుకంపలో. మీరు వెళ్ళి చూశారా?"

"నేనెందుకు చూస్తాను? పలక సక్రమంగా ఉంది. గడువు కూడా దాటిపోయింది. ఇప్పుడు నేనేం చేయను?"

"నా బిడ్డ కాలు విరిగిందని ఈ కట్టుబాటు పుట్టింది పెద్దయ్యా. పలకని కంపలో పెట్టి చదువుకోమంటే, ఆ కాలు మళ్ళీ విరిచినట్టే. మీకు పలక కనబడింది. మేము కనబడలేదు."

నీలమ్మ అక్కడ నిలబడలేదు. పలక మీద ముద్ర ఎవరిదో చూసుకుని ఒక్క పరుగున సోమన్న దగ్గరికి వెళ్ళింది.

"నువ్వు కూడానా అన్నా? నక్క చేశాడంటే నక్క కాబట్టి చేశాడనుకుంటాను. నీకేం తక్కువైంది?"

సోమన్న నెమరు ఆపి బిత్తరపోయి చూశాడు. "ఏం చేశాను తల్లీ?"

"సారాకి ముద్ర వేశావు."

"నీళ్ళకి వేశాను."

నీలమ్మకి సంగతి అర్థమైంది. సోమన్నకి కూడా అర్థమైంది. రేపు ఏ పిల్లకి ఏమైనా జవాబు చెప్పాల్సింది తనే. ఆ ముసలి ఎద్దు ముక్కుపుటాలు అదిరాయి. నాగలి కింద కర్రదెబ్బలు తిన్నప్పుడు కూడా రాని కోపం అది.

"ఇప్పుడే వెళ్ళి మోసమని చెప్తాను," అని లేచాడు.

"చెప్తే ఆ నక్క నువ్వే మాట మారుస్తున్నావంటాడు. ముద్ర నీది. వాడు నీళ్ళన్నాడని చెప్పేందుకు సాక్షి ఎవరు?" అంది నీలమ్మ. అంటూనే ఆగిపోయింది. ఏదో లెక్క కుదిరినట్టు చెవులు నిక్కించింది. "అన్నా, ముద్ర నీదే కదా?"

"నాదే. అదే కదా నా ఖర్మ."

"అయితే అనుమతి కూడా నీదే. ఆ సారా పోయించే హక్కు నీకు తప్ప ఇంకెవరికీ లేదు."

మర్నాడు పొద్దెక్కేసరికి మైదానం నిండిపోయింది. గవరయ్య ఆకుదొప్పల దొంతర పట్టుకుని ఇప్పచెట్ల కిందకి వచ్చాడు. కుండలకి అడ్డంగా సోమన్న నిలబడి ఉన్నాడు.

"బావా, కాస్త పక్కకి జరుగు. జనం ఎదురు చూస్తున్నారు."

"అనుమతి ఎవరి పేరు మీద ఉంది గవరయ్యా?"

నక్క నవ్వాడు. "నీ పేరు మీదే బావా. ఊరికే నడుస్తుందా ఈ వ్యవహారం?"

"అయితే పోయాలో వద్దో చెప్పాల్సింది నేను. నేను పొయ్యనివ్వను."

"హాస్యాలకి ఇది వేళ కాదు. జరుగు."

సోమన్న జరగలేదు. గవరయ్య ఎడమ నుంచి దూరబోతే ఎడమకి తిరిగాడు, కుడి నుంచి దూరబోతే కుడికి తిరిగాడు. పందులు గుమిగూడాయి. దాహంగా ఉందని ఒకటి గొణిగింది. వెనక నుంచి నీలమ్మ వచ్చి దాని కళ్ళలోకి చూసింది. అది వెనక్కి తగ్గింది. రచ్చ విని ఏనుగు వచ్చాడు.

"పెద్దయ్యా, చూడండి ఈ అన్యాయం. మీరిచ్చిన అనుమతిని ఇతను కాలదన్నుతున్నాడు," అన్నాడు గవరయ్య.

ఏనుగు పలక తెప్పించి చూశాడు. "పొయ్యొచ్చని ఇచ్చాను. పోసి తీరాలని ఇవ్వలేదు. అది సోమన్న ఇష్టం."

"సోమన్న ఇష్టమేమిటి? కుండలు నావి. ఇప్పపూలు ఏరింది నేను. పలక గీసింది నేను. వీడికి అందులో ఏముందో కూడా తెలియదు. నీళ్ళ పందిరి అంటే నమ్మి కాలు మోపిన మొద్దు వీడు..."

అనేశాక నోరు మూసుకున్నాడు. అప్పటికే మైదానం అంతా విన్నది. తప్పెట ఆగిపోయింది.

"ఏమన్నావు? నీళ్ళ పందిరా?" అన్నాడు ఏనుగు.

గవరయ్య చేతిలో దొప్పలు ఒక్కొక్కటిగా జారాయి.

సోమన్న వెనక్కి తిరిగి మొదటి కుండని కొమ్ముతో పొడిచాడు. తర్వాత రెండోది. పన్నెండూ పగిలేదాకా ఆగలేదు. సారా పచ్చికలోకి ఇంకిపోతుంటే పందులు కూడా అడ్డు రాలేదు.

ఏనుగు తల వంచి నీలమ్మ వైపు తిరిగాడు. "తప్పు నాది కూడా అమ్మా. ఇకనుంచి ముద్ర వేసినవాడు నా ఎదుట నిలబడి తన నోటితో చెప్తేనే అనుమతి. పలక వాగు రేవులో ఉంటుంది, అందరూ నీళ్ళు తాగే చోట."

"నిరుడే చెయ్యాల్సిన పని," అంది నీలమ్మ. ఆమె కోపం తగ్గలేదు. తగ్గాలని ఎవరూ అడగలేదు.

గవరయ్యని మైదానం దాటించి, మళ్ళీ అడుగు పెట్టొద్దని పంపేశారు. వెళ్తూ వెళ్తూ వాడు తడిసిన మట్టిని ఒకసారి వాసన చూసుకున్నాడు. తన కష్టమంతా అందులో ఉంది, కానీ తనదని చెప్పుకునే వీలు లేదు.

మంచివాడి పేరు దొంగిలించి తెచ్చుకున్న అధికారం ఆ మంచివాడి మాటే వింటుంది.