మునగకొమ్మ ఎందుకు పుటుక్కుమంటుంది?

ఒకప్పుడు మునగకొమ్మలు చింతకొమ్మలంత గట్టివి. ఏనుగు వచ్చి వీపు రుద్దుకున్నా చెక్కు చెదిరేవి కావు.

ఆ చెట్టుది పెద్ద చెయ్యి. కింద నిలబడి ఎవరు అడిగినా కొమ్మ వంచి ఇంత ఆకు, నాలుగు కాయలు ఇచ్చేది. మేక వస్తే మేకకి, ఉడత వస్తే ఉడతకి. అంతా బాగానే ఉండేది, ఒక కొండముచ్చు రానంతవరకూ.

వచ్చింది. అడగలేదు, పెట్టలేదు. సరాసరి పైకెక్కి కూర్చుంది. ఇంక దిగితే ఒట్టు! ఒక కాయ తుంచడం, కొస కొరకడం, మిగతాది తొర్రలో కుక్కడం. ఎందుకని అడిగితే "రేపటికి" అనేది. రేపటికి అవన్నీ కుళ్ళి కంపు కొట్టేవి. మళ్ళీ కొత్తవి తుంచేది. చూసేవాళ్ళకి ఒళ్ళు మండిపోదూ?

మూడోరోజు ఒక బాలింత కుందేలు వచ్చింది. దానికి నాలుగు పిల్లలు, పాలేమో ఎండిపోయాయి. మునగాకు తింటే పాలు పడతాయని మేక చెప్పిందట.

"మునగత్తా, ఒక్క రెమ్మ ఇవ్వవూ? పిల్లలు నిన్నటినుంచి ఏడుస్తున్నారు."

చెట్టు కొమ్మ వంచింది. కొండముచ్చు ఆ కొమ్మనే పైకి లాగి పట్టుకుంది.

"నాకే చాలట్లేదు. పో, పో!"

"ఒరేయ్, నీకు దణ్ణం పెడతాను, దిగరా! నీ పొట్టెంత, నువ్వు తుంచిందెంత?" అంది చెట్టు.

"దిగను. నీ కొమ్మలు ఇంత గట్టిగా ఉంటే నాకేం భయం?"

చెట్టుకి ఇంక ఓపిక అయిపోయింది.

"నేలతల్లీ! ఈ గట్టిదనం నాకొద్దు. ఇది వీడికే పనికొస్తోంది. తీసేసుకో!"

"పిచ్చిదానా, గాలి గట్టిగా వీచినా విరిగిపోతావే!"

"విరగనీ. విసిగిపోయాను."

పుటుక్! కొమ్మ విరిగింది. కొండముచ్చు దబ్బున పడి, నడుం పట్టుకుని కుంటుకుంటూ పోయింది. కుందేలు ఆ కొమ్మని కలుగు దాకా ఈడ్చుకెళ్ళి కడుపునిండా ఆకు తింది. మర్నాటికి పాలు పడ్డాయి. పిల్లలు తాగి పడుకున్నాయి.

నేలతల్లికి చెట్టుని చూస్తే మనసు ఆగలేదు. కుందేలు వదిలేసిన మోడుకొమ్మని తనలోకి తీసుకుంది. వారం తిరిగేసరికి అది చిగురు వేసింది.

అప్పటినుంచే మునగచెట్టు ఎక్కితే కొమ్మ పుటుక్కున విరుగుతుంది. ఎన్నిసార్లు చెప్పినా ఎక్కేవాళ్ళు ఎక్కుతూనే ఉన్నారు, ఏం చేస్తాం! విరిగిన ముక్కని మాత్రం పారెయ్యకండి. నేలలో గుచ్చితే అదీ ఒక చెట్టై, అడిగినవాళ్ళందరికీ ఇస్తుంది.