ఏటి గాలి తగిలే ఇల్లు

బొరియలపేట ఏటి మధ్య లంకలో ఉంది. పేరుకి పేటేగానీ ముంగిసలూ ఉడుములూ పందికొక్కులూ తరతరాలుగా తవ్వుకున్న పెద్ద ఊరు. ఆ యేడు ఏరు పొంగి ఊరంతా ముంచేసి, పోతూ పోతూ ప్రతి బొరియలోనూ మెత్తటి ఒండ్రు కుక్కిపోయింది. ఆ ఒండ్రు ఆరేదాకా ఎక్కడ తవ్వినా కూలిపోతుంది. మిగిలిందల్లా ఊరి చివర కంకరదిబ్బ. దాని మీద ఎప్పుడో ఎవరో తవ్వి వదిలేసిన పాత బొరియలున్నాయి. మంచిరోజుల్లో అటువైపు తొంగిచూసినవాళ్లు లేరు.

అందరూ చెట్లు పట్టుకుని, పిల్లలు దక్కారో లేదో చూసుకుంటున్న వేళ నక్క ఒక్కటే దిబ్బెక్కింది. ఎక్కి, ప్రతి బొరియ ముందూ కాలెత్తి వచ్చింది. బొరియలపేటలో ఒక కట్టుబాటుంది. గుమ్మం దగ్గర ఎవరి వాసనుంటే ఇల్లు వాళ్లది. ఎవరి వాసనా లేకపోతే లోపల పడుకున్నవాళ్లది. పత్రాలూ పట్టాలూ లేని లోకం మరి, అక్కడ ముక్కే సాక్ష్యం.

తగువొస్తే వాసన చూసి తీర్పు చెప్పేది ముసలి ఎద్దు. దానికి బొరియతో పనిలేదు గనుక దాని మాట అందరూ నమ్ముతారు. వరద తీశాక ఎద్దు దిబ్బంతా తిరిగి, గుమ్మం గుమ్మం వాసన చూసి తల వంచుకుంది.

"అన్నీ నక్కవే. నేనేం చేసేది?" అంది.

ఇంకేం, మర్నాటి నుంచీ నక్క ఇళ్లు అద్దెకివ్వడం మొదలెట్టింది. తెచ్చుకున్న తిండిలో సగం అద్దె. పందికొక్కు వంతుకి దిబ్బ అడుగున, ఏటి పక్క బొరియ వచ్చింది.

"లోపల నీళ్లూరుతున్నాయి బాబూ," అంది పందికొక్కు.

"నీళ్లు కాదు తమ్ముడూ, చల్లదనం. ఏటి గాలి తగిలే ఇల్లు. గుమ్మంలో కూర్చుంటే ఏరంతా కనపడుతుంది. దీనికి సగం చాలదు, నువ్వు ముప్పాతిక ఇవ్వాలి."

"ఏటిని కళ్లారా చూసేశాం కదా బాబూ."

"వద్దంటే చెప్పు. ఉడుము పొద్దున్నుంచీ అడుగుతోంది."

పందికొక్కు లోపలికి పోయింది. చలికి వణికేవాడు బేరమెక్కడ ఆడతాడు.

అద్దె బాధ అలా ఉంటే, మకాం మార్చే బాధ ఇంకోటి. ఒకేచోట చాన్నాళ్లు పడుకుంటే పడుకున్నవాళ్ల వాసన గుమ్మానికి పట్టేస్తుందని నక్కకి తెలుసు. అందుకని ప్రతి అమావాస్యకీ పున్నమికీ అందర్నీ లేపి ఒక బొరియ నుంచి ఇంకో బొరియకి తోలేది. ఖాళీ అయిన గుమ్మం దగ్గర మళ్లీ కాలెత్తేది. పాపం, ఆ జనానికి సామాను లేదుగానీ పిల్లలున్నారు కదా.

పోయిన పున్నమికి అలా మారేటప్పుడే ముంగిస ఒక పిల్లని పోగొట్టుకుంది. కళ్లు తెరవని కూనలు మూడు. ఒక్కోదాన్నీ నోట కరుచుకుని మిట్టమధ్యాహ్నం దిబ్బ చుట్టూ మోసింది. రెండోదాన్ని దింపి మూడోదానికోసం వచ్చేసరికి అక్కడ పిల్ల లేదు, పైన గద్ద ఉంది. ముంగిసకి ఏడవడానికి కూడా ఓపిక లేదు. ఆ పూట వేట మానితే ఇల్లు పోతుంది గనుక ఏటికి వెళ్లి పీతలు పట్టుకొచ్చి సగం నక్క ముందు పెట్టింది.

"ఒక పిల్ల తగ్గింది కదమ్మా, ఇక ఇల్లు ఇరుకనవు," అంది నక్క. ఇలాంటి మాట అనేసి హాయిగా నిద్రపోయేవాళ్లుంటారు, నాకు తెలుసు.

మళ్లీ అమావాస్య దగ్గరికొచ్చింది. ముంగిస నక్క దగ్గరికెళ్లింది.

"అన్నా, ఈ ఒక్కసారికి నన్ను కదపొద్దు. పిల్లలు కళ్లు తెరిచి నడిచేదాకా."

"నిన్ను వదిలేస్తే ఉడుము ఊరుకుంటుందా? పందికొక్కు ఊరుకుంటుందా? వ్యాపారంలో చుట్టరికాలు పనికిరావు చెల్లెమ్మా. పొద్దున్నే ఖాళీ చెయ్యి."

ఆ మాటల్లోనే ఎగువలంక నుంచి కుందేళ్లొచ్చాయి. వాళ్ల గట్టునీ ఏరు కోసేస్తోందట. అయితే వాళ్లది చెరుకు లంక. ఇల్లు దొరికితే చెరుకు గడలు మోపులకొద్దీ తెస్తామన్నాయి. చెరుకు పేరు వినగానే నక్కకి నోరూరింది. కానీ కుందేళ్లు ఒక గుమ్మం దగ్గర ముక్కు పెట్టి వెనక్కి తిరిగాయి.

"ఈ కంపులో పిల్లల్ని ఎలా పడుకోబెడతామండీ," అని వెళ్లిపోయాయి.

నక్క మొహం మాడిపోయింది. ముంగిస కుందేళ్లు వెళ్లిన దారి వైపు చూసింది.

"చెరుకు పోతోందన్నా," అంది నెమ్మదిగా.

"పోతే ఏం చెయ్యమంటావు?"

"గుమ్మాల దగ్గర మట్టి గీకి పారేసి, వావిలాకు నమిలి రుద్దితే ఏ వాసనా నిలవదు. ఎటూ పొద్దున్నే అందరం ఖాళీ చేసేవాళ్లమేగా. మేమే రుద్దిపెడతాం."

నక్క చెవులు నిక్కబొడుచుకున్నాయి. "నా వాసన పోతే ఇల్లు నాదని ఎవడొప్పుకుంటాడు?"

"కుందేళ్లు చూసి సరేనన్నాక ఒక చుట్టు చుట్టి రా. అలవాటైన పనేగా నీకు."

నక్క ఆలోచించింది. ఆలోచించినంతసేపూ దాని నాలుక పెదాల మీదే తిరిగింది.

"సరే. ఎద్దుతో మాత్రం ఈ మాట అనకు."

"నేనెందుకంటాను," అంది ముంగిస. అన్నమాట ప్రకారం ఎద్దుకి చెప్పలేదు. పందికొక్కుకి చెప్పింది.

పొద్దున్నే అందరూ గీకారు, రుద్దారు. మధ్యాహ్నానికి దిబ్బంతా వావిలాకు ఘాటు తప్ప ఇంకేమీ లేదు. నక్క కబురు పెడితే కుందేళ్లొచ్చి చూసుకుని, సాయంత్రానికి చెరుకుతో దిగుతామన్నాయి. నక్క వాళ్లని దిబ్బ అడుగుదాకా సాగనంపింది. తిరిగి చూసేసరికి, అవతలి వైపు నుంచి ఎద్దు నెమ్మదిగా నడిచొస్తోంది. దాని ముందు పందికొక్కు.

నక్క ఎదురుగా కనపడ్డ గుమ్మం దగ్గర గబుక్కున కాలెత్తేసింది. ఆ కంగారులో ఉన్నదంతా అక్కడే అయిపోయింది. పరుగున పైకెక్కి ఇంకో గుమ్మం దగ్గర కాలెత్తింది. చుక్క లేదు. ఇంకోదాని దగ్గరికి పోయింది. అక్కడా లేదు. దిబ్బ మీద బొరియలు చాలా ఉన్నాయి గానీ నక్క ఒక్కటే కదా. ఆ సరికే ఎవరు గీకిన ఇంట్లో వాళ్లు చప్పుడు చెయ్యకుండా వెళ్లి పడుకున్నారు.

ఎద్దు గుమ్మం గుమ్మం వాసన చూసింది.

"ఇక్కడ నక్క వాసన లేదు. లోపలున్నది ముంగిస, ఇల్లు దానిదే. ఇక్కడా లేదు. ఉడుముది. ఇక్కడా లేదు."

"ఇది అన్యాయం పెద్దయ్యా," అంది నక్క. "మొన్న నువ్వేగా అన్నీ నావేనని చెప్పావు."

"మొన్న నీ వాసనుంది, చెప్పాను. చెప్పినందుకు ఇన్నాళ్లూ నాకు మేత సయించలేదు. ఇవాళ లేదు, అదే చెప్తున్నాను."

"మరి నేనెక్కడుండాలి?"

ఎద్దు కిందిదాకా దిగి, అడుగునున్న గుమ్మం దగ్గర ముక్కు పెట్టి, చటుక్కున తీసేసింది. "ఇదిగో, ఇది నీదే. వాసన గట్టిగానే ఉంది."

నక్క లోపల కాలు పెట్టింది. కాలు తడిసింది.

"ఇందులో నీళ్లూరుతున్నాయి."

"నీళ్లు కాదు బాబూ, చల్లదనం," అంది పందికొక్కు. "ఏటి గాలి తగిలే ఇల్లు. గుమ్మంలో కూర్చుంటే ఏరంతా కనపడుతుంది."

ఎవరూ పెద్దగా నవ్వలేదు. నవ్వే ఓపిక ఎవరికీ లేదు. సాయంత్రం చెరుకుతో వచ్చిన కుందేళ్లకి మిగిలిన రెండు బొరియలు చూపించి, చెరుకు మీరే తినండమ్మా అని చెప్పారు. ముంగిస తన ఇంట్లో ఇద్దరు పిల్లల చుట్టూ ముడుచుకుని పడుకుంది. అలవాటు కొద్దీ మూడోదానికి కూడా చోటు వదిలింది. అమావాస్య వచ్చింది, వెళ్లింది, గుమ్మం దగ్గరికొచ్చి లేవమన్నవాళ్లు లేరు. ఆ ఇంట్లోనే పిల్లలు కళ్లు తెరిచాయి.

నీతి: ఇతరుల గూడు చెదిరిన రోజుని తన పంటకాలం అనుకునేవాడు, ఎదుటివాళ్లకి అంటగట్టిన ఇంట్లోనే తానూ ఒకనాడు కాపురం చెయ్యాల్సి వస్తుంది.