రాజుగారి దంతదానం

ఆ నరసింహస్వామి దయవల్ల మీ అందరి పళ్ళూ గట్టిగానే ఉన్నాయనుకుని ఈ కథ మొదలుపెడుతున్నాను. ఎవరికైనా పన్ను సలుపుతుంటే మాత్రం ఒక లవంగం బుగ్గన పెట్టుకుని వినండి. చివరికొచ్చేసరికి నవ్వాల్సి ఉంటుంది మరి.

పూర్వం ఒకానొక రాజ్యంలో, మణిగిరి అనే పట్నంలో, ప్రచండ మార్తాండ భూపాలుడని ఒక మహారాజు ఉండేవాడు. ఆ పేరు పలకడానికే సగం ఊపిరి అయిపోతుంది. ఆయనకి అదీ చాలక, ముందు పదకొండు బిరుదులు తగిలించుకున్నాడు. సభకి వస్తున్నప్పుడు అవన్నీ చదివి ముగించేసరికి ముందు వరసలో కూర్చున్న ముసలి పండితులకి కునుకు పట్టేది.

అంతటి మహారాజుకి ఒకరోజు పొద్దున్నే చెరకు ముక్క నములుతుండగా ఎడమవైపు కింది దవడలో జివ్వుమంది. మధ్యాహ్నానికి బుగ్గ బూరెలా పొంగింది.

రాజవైద్యుడు శరభయ్యశాస్త్రి పరుగెత్తుకొచ్చాడు. వైద్యం కంటే వైద్యం గురించిన శ్లోకాలు ఎక్కువ తెలిసిన మనిషి ఆయన. రాజుగారి నోట్లోకి మాత్రం చూడలేదు. చూడాలంటే "నోరు తెరవండి" అనాలి. మహారాజుని నోరు తెరవమనే మొనగాడు ఆ రాజ్యంలో ఇంకా పుట్టలేదు. అందుకని పది అడుగుల దూరంలో నిలబడి, కళ్ళు చికిలించి, బుగ్గని బయటి నుంచే పరీక్షించాడు.

"ప్రభూ! తమది వజ్రదంతాల వంశం. తమ పంటికి జబ్బు రావడమనేది శాస్త్రంలోనే లేదు. ఊళ్ళో జనం కరకరా నములుతున్న చప్పుడు గాలిలో తేలివచ్చి తమ సుకుమారమైన దంతాలకి తగులుతోంది. అదీ అసలు సంగతి," అన్నాడు.

నవ్వకండి. రాజుకి ఆ మాట భలే నచ్చింది. తప్పు తన పంటిది కాదు, ఊరిది!

మరునాడే దండోరా వేశారు. జంతికలు, వేయించిన శనగలు, చెరకు, అప్పడాలు, చివరికి పచ్చి ఉల్లిపాయ కూడా ఎవరూ కొరకకూడదు. అందరూ జావే తాగాలి. దానికి తోకగా ఇంకో శాసనం. "ప్రభువుల పంటికి పిప్పి అన్న మాట ఎవరి నోట వస్తే, వారి ముప్పైరెండు పళ్ళూ పీకించబడును."

కోట గుమ్మానికి ఎదురు వీధిలో ఓబుళమ్మ అని ఒకామె ఉండేది. యాభై ఏళ్ళ మనిషి. పంటిమందు ఓబుళమ్మ అంటే ఊరంతటికీ తెలుసు. వాళ్ళ అత్తగారి దగ్గర నేర్చుకున్న విద్య. వేపపుల్లలు, ఉప్పూ పసుపూ కలిపిన పళ్ళపొడి, లవంగ నూనె, ఒక చిన్న పటకారు, ఇంతే ఆమె సరంజామా. పొద్దున్నే స్వామికి దీపం పెట్టి, "నా చెయ్యి ఎవరినీ ఏడిపించకుండా చూడు తండ్రీ" అని మొక్కుకుని పనిలో కూర్చునేది.

జావ మొదలైన పద్దెనిమిదో రోజున, బస్తాలు మోసే కోనప్ప వచ్చి ఆమె అరుగు మీద చతికిలబడ్డాడు.

"అమ్మా, బస్తా ఎత్తుతుంటే కాళ్ళు వణుకుతున్నాయి. ఇంకెన్నాళ్ళీ జావ?"

ఓబుళమ్మకి నోరు ఆగలేదు. "ఆయనకి పిప్పి పన్ను రా నాయనా! అరపూటలో తీసి పారేసే దానికి ఊరంతా జావ తాగాలిట!"

ఖర్మ చూడండి, పక్కనే గోడకి ఆనుకుని తమ వంతు జావ తాగుతున్నారు ఇద్దరు భటులు. ముంతలు కింద పెట్టి, ఆమె రెక్క పట్టుకుని సభకి లాక్కుపోయారు.

సభలో మహారాజు బుగ్గకీ తలకీ కలిపి పట్టు ఉత్తరీయం కట్టుకుని, దాని మీద కిరీటం పెట్టుకుని కూర్చున్నాడు. కిరీటం ఒక పక్కకి ఒరిగిపోయింది. ఎవరికీ నవ్వే ధైర్యం లేదు.

"ఏమే, ఆ మాట అన్నది నువ్వేనా?" అన్నాడు రాజు, దవడ కదపకుండా.

"అన్నాను ప్రభూ."

"నా నోట్లోకి చూడకుండానే?"

"ముప్పై ఏళ్ళుగా బుగ్గలు చూస్తున్నాను ప్రభూ. వాచిన బుగ్గకి రాజెవరో పేదెవరో తెలీదు."

శరభయ్యశాస్త్రి గంతేశాడు. "విన్నారా ప్రభూ ఆ పొగరు! ఒక్క శ్లోకం రాదు, వజ్రదంతాల గురించి తీర్పులిస్తోంది!"

మంత్రి పెద్దిరాజు తాటాకు తీసి శాసనం చదివాడు. రాజు చెయ్యెత్తి గంభీరంగా అన్నాడు. "ప్రచండ మార్తాండుడి మాట రాతి మీద గీత. ముప్పైరెండంటే ముప్పైరెండే! ఒకటి ఎక్కువ కాదు, ఒకటి తక్కువ కాదు. వైద్యశిఖామణీ, కానివ్వండి!"

శాస్త్రి తన పనిముట్టు తెప్పించాడు. అది కమ్మరివాళ్ళు ఎర్రగా కాలిన ఇనుము పట్టుకునే పటకారు. నొప్పి ఒక్కటే కాదు ఓబుళమ్మ భయం. బోసినోటితో కూర్చుని "రా నాయనా, నీ పళ్ళు నేను కాపాడతాను" అంటే ఇక ఎవరొస్తారు? పొయ్యి ఎలా వెలుగుతుంది? అన్నిటికీ మించి, రోజూ పిలుచుకునే నరసింహస్వామి పేరు కూడా తుస్సుమంటూ గాలిలా పోతుంది కదా!

కళ్ళు మూసుకుంది. ఇన్నేళ్ళూ తోడున్న పళ్ళకి కడసారి దణ్ణం పెట్టుకున్నట్టు నాలుకతో ఒక్కొక్కదాన్నీ తడుముకుంటూ పోయింది. పై వరసలో కుడివైపు చివరికి వచ్చేసరికి నాలుక ఖాళీలోకి జారింది.

ఓబుళమ్మ కళ్ళు తెరిచింది.

"ప్రభూ, ఒక్క మనవి. పీకే ముందు లెక్కపెట్టించండి. శాసనం సరిగ్గా జరగలేదన్న నింద రేపు నామీద పడకూడదు."

"న్యాయమే," అన్నాడు రాజు.

శాస్త్రి వేలు పెట్టి లెక్క మొదలుపెట్టాడు. "ఇరవై తొమ్మిది, ముప్పై, ముప్పై ఒకటి..." వేలు ఆగిపోయింది. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. మళ్ళీ అక్కడే ఆగింది. మంత్రి వచ్చి, ముక్కు మూసుకుని, తనూ లెక్కపెట్టాడు.

"ముప్పై ఒకటే ఉన్నాయి ప్రభూ."

"ఇంకోటేదే?" గద్దించాడు రాజు.

"పదిహేనేళ్ళ కిందట మా అత్త పీకింది ప్రభూ. ఆవిడా ఇప్పుడు లేదు, నిలదీయడానికి."

"పోనిద్దురూ," అన్నాడు మంత్రి, "ముప్పై ఒకటితో సరిపెడదాం."

"అయ్యయ్యో, అదేం మాట మంత్రిగారూ!" ఓబుళమ్మ చెవులు మూసుకుంది. "ఒకటి తక్కువ కాదని ప్రభువులు ఇందాకే నిండుసభలో సెలవిచ్చారు. నా పళ్ళు పోతే పోనివ్వండి, ప్రభువుల మాట పోతే ఎలాగండీ? ఆ ముప్పైరెండోది ఎవరో ఒకరు ఇచ్చి పుణ్యం కట్టుకోవాలి."

సభంతా ఒక్కసారిగా మూతులు బిగించుకుంది.

"పెద్దిరాజూ!" అన్నాడు రాజు.

"ప్రభూ, నా పన్ను పోతే తమ శాసనాలు స్పష్టంగా చదివేదెవరు?"

"వైద్యశిఖామణీ!"

శాస్త్రి అప్పటికే ఉత్తరీయం నోట్లో కుక్కుకున్నాడు. దాని చాటునుంచే, "ప్రభూ, నాకు రోజూ మంత్రజపం..." అని గొణిగాడు.

ఇందాకటి నుంచి ఇదే శాస్త్రి ముప్పైరెండు పళ్ళు పీకడానికి నడుం బిగించి ఉన్నాడు, గుర్తుందా? ఒక్కటి ఇమ్మంటే శ్లోకమే రాలేదు.

అప్పుడు ఓబుళమ్మ చేతులు జోడించింది. "ప్రభూ, మాట ఇచ్చినవారే మాట పూర్తి చేస్తే ఆ శోభే వేరు. బంగారం ఇచ్చిన రాజులున్నారు, భూములిచ్చిన రాజులున్నారు. పన్ను దానమిచ్చిన రాజు మాత్రం ఇంతవరకూ లేడు. పన్నెండో బిరుదు ఒకటి తమకోసమే మిగిలి ఉంది, దంతదాత అని!"

రాజు వెన్ను నిటారుగా అయింది. "దంతదాత... బాగుందే! మరి ఏ పన్ను ఇవ్వాలి?"

"అది దాత ఇష్టం ప్రభూ. కాకపోతే, తమరు పద్దెనిమిది రోజులుగా ఏ పంటిని తలుచుకోకుండా ఒక్క క్షణం కూడా ఉండలేకపోతున్నారో, ఆ పన్ను ఇస్తేనే అది గొప్ప దానం."

రాజు చెయ్యి ఎడమ బుగ్గ మీదికి దానంతటదే వెళ్ళింది. శాస్త్రి పెద్ద పటకారుతో ఒక అడుగు ముందుకు వేశాడు. రాజు సింహాసనంలో జానెడు వెనక్కి నక్కాడు.

"శాస్త్రిగారికి శ్రమ ఎందుకు?" అంది ఓబుళమ్మ. "లెక్క తక్కువైంది నాకు. దానం పుచ్చుకునేదాన్ని నేనే."

ఇక చూడండి ఆమె పనితనం. ఎదురు వీధిలోంచి తన సరంజామా తెప్పించింది. రాజుని వెలుగుకి ఎదురుగా కూర్చోబెట్టింది. మెడ కింద మెత్తటి దిండు పెట్టించింది. కుంకుడు రసంతో మోచేతుల దాకా చేతులు కడుక్కుంది. తన చిన్న పటకారుని వేడినీళ్ళలో మరగనిచ్చి, చల్లారాక అరచేతుల మధ్య పెట్టుకుని కాస్త వెచ్చచేసింది, చల్లటి ఇనుము తగిలితే ఎంతటివాడైనా ఉలిక్కిపడతాడని. గోరువెచ్చని ఉప్పునీళ్ళు ఇచ్చి పుక్కిలించమంది. ఇచ్చే చెయ్యి చాచినట్టే, ఇచ్చే నోరు తెరవాలి కదా అని గుర్తుచేసింది. దంతదాత నోరు తెరిచాడు.

"ప్రభూ, ఇది లవంగ నూనెలో ముంచిన దూది. ముందు మండుతుంది, తర్వాత మొద్దుబారుతుంది. నేను ఏం చేసినా చెప్పే చేస్తాను. ఏ మాత్రం భయమేసినా తమరు ఎడమ చెయ్యి ఎత్తండి. నేను ఆగిపోతాను."

"రాజుకి భయమా?" అన్నాడు మంత్రి.

"తప్పయింది, భయం కాదు. అది రాజాజ్ఞ. ప్రభువులు చెయ్యెత్తితే సైన్యమే ఆగుతుంది, నేనెంత?"

పటకారు ఇంకా జానెడు దూరంలో ఉండగానే చెయ్యి లేచింది. ఓబుళమ్మ ఆగింది. కాసేపటికి పంటికి తగిలీ తగలగానే మళ్ళీ లేచింది. మళ్ళీ ఆగింది. మూడోసారి అసలేమీ జరగకుండానే లేచింది. ఆమె నిజంగా ఆగుతుందో లేదోనని చూశాడన్నమాట! ఆమె విసుక్కోలేదు. "తమ ఆజ్ఞ" అని చేతులు కట్టుకుని నిలబడింది.

నాలుగోసారి "ఇప్పుడు పన్ను పట్టుకుంటున్నాను ప్రభూ" అని చెప్పింది, చెయ్యి లేవలేదు.

"ఊఁ, ఎప్పుడు పీకుతావు?" అన్నాడు రాజు కాసేపాగి.

"అయిపోయింది ప్రభూ. ఈ దూది గట్టిగా కరిచిపట్టుకోండి."

వెండి పళ్ళెంలో పన్ను పెట్టి చూపించింది. రాజు వంగి చూశాడు. కందిగింజ పట్టేంత నల్లటి గుంత. ఇన్నాళ్ళ సలుపు ఒక్కసారిగా ఆగిపోయిన సంబరంలో ఆయన ఒళ్ళు మరిచిపోయాడు.

"ఓరి దీని దుంపతెగ! వజ్రమేమిటి నీ మొహం శాస్త్రీ, ఇది పిప్పి పన్ను!"

మంత్రి శాసనం తాటాకుని గబుక్కున వీపు వెనక దాచుకున్నాడు.

ఓబుళమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. "ప్రభూ, ఈసారి ఆ మాట నేను అనలేదు. అందరూ సాక్షులే."

రాజు మంత్రి వైపు చూశాడు.

"పాపం మంత్రిగారిని ఏం అడుగుతారు?" అంది ఓబుళమ్మ మెల్లగా. "అన్నవారి ముప్పైరెండూ పీకాలి. తమరికిప్పుడు ముప్పై ఒకటే ఉన్నాయి. పోయినదాన్ని నాకు దానమిచ్చేశారు, వెనక్కి తీసుకోకూడదు. ఇంకొకటి కావాలి. ఈ సభలో ఎవరిస్తారో ఇందాకే చూశాం కదా!"

ఒక్క క్షణం రాజు కనుబొమలు ముడిపడ్డాయి. తర్వాత భుజాలు కదిలాయి. ఆ తర్వాత నవ్వు బయటపడింది. సగం బుగ్గ మొద్దుబారి ఉండడంతో నవ్వు ఒక పక్కకే సాగింది, కిరీటం జారి ఒళ్ళో పడింది, అయినా ఆయన ఆపలేదు. సభ అంతా పళ్ళు కనబడేలా నవ్వింది.

రాజు తాటాకుని రెండుగా చించాడు. జావ శాసనాన్నీ రద్దుచేశాడు. ఊరు తాగినన్ని రోజులూ, అంటే సరిగ్గా పద్దెనిమిది రోజులు, శరభయ్యశాస్త్రి జావ మాత్రమే తాగాలని ఆజ్ఞాపించాడు. ఓబుళమ్మ మెడలో తన ముత్యాలహారం వేశాడు.

"ఇంకేం కావాలో కోరుకో ఓబుళమ్మా."

"కోట ముందు వసారాలో, వెలుగు పడేచోట ఒక మంచి పీట వేయించండి ప్రభూ. ఎవరికి పన్ను సలిపినా వచ్చి కూర్చోవాలి. అక్కడ ఎవరు చెయ్యెత్తినా నేను ఆగిపోతాను, కూలివాడైనా సరే."

"వేయించాను. ఇంతేనా?"

"ఇంకొకటి. ఆరు నెలలకోసారి తమరు కూడా వచ్చి ఆ పీట మీద కూర్చుని నోరు తెరవాలి."

రాజు ఉలిక్కిపడ్డాడు. "ఎందుకూ? ఇంకోటి పీకుతావా?"

"పీకకుండా ఉండడానికే ప్రభూ!"

రాజు మళ్ళీ నవ్వాడు, ఈసారి తన మీద తనే. అలా నవ్వగలిగిన రాజుని, నవ్వించిన ఓబుళమ్మని, విన్న మిమ్మల్ని, మీ ఇంటిల్లిపాదినీ ఆ స్వామి నోరారా నవ్వుకునేలా చల్లగా చూడుగాక!