ఈరమ్మ దుంపల గుంటలు

అడవిలో దొరికేదంతా ఊరికే వచ్చిందనుకుంటావు నువ్వు. చెయ్యి చాపడమే గాని నడుం వంచడం ఎరగవు. నీలాంటివాడే వెనకటికొకడు, రాజుగారి అడవికి కావలి అధికారి బసవప్ప.

కొండవాలులో ఈరమ్మ తవ్వుకునే అడవిదుంపల మీద అతని కన్ను పడింది. ఇంట్లో జొన్నలు నిండుకున్నాక ఆమె పిల్లలకు ఆ దుంపలే ఆధారం.

“తనంతట తాను మొలిచిందల్లా రాజుగారిది. ఇక కొండెక్కకు” అన్నాడు.

ఈరమ్మ గునపం కింద పెట్టింది. “దొరా, పైవాలు మీరు తీసుకోండి, కిందివాలు నాకొదలండి. ఎవరు తవ్విన గుంటలు వాళ్లవి. ఇకమీదట ఏటేటా అదే కట్టుబాటు.”

పైవాలు దుంపలు లావు. బసవప్ప నవ్వుకుంటూ పదిమందిలో సరేనన్నాడు. మనుషుల్ని పెట్టి మొదలంటా తవ్వించి, కోట వంటశాలకు పంపి మెప్పు పొందాడు.

మరుసటేడు వానలకు ఈరమ్మ గుంటల్లో తీగలు అల్లుకున్నాయి. అతని గుంటల్లో నీళ్లు నిలిచాయి. చేతబడి చేసిందంటూ ఆమెను రాజు ముందుకు ఈడ్చాడు.

“చేతబడి కాదు మహాప్రభూ. దుంప తవ్వాక తీగ ఉన్న తలను కోసి, మళ్లీ గుంటలో పెట్టి మన్ను కప్పుతాం. మా అమ్మమ్మ నాటినుంచీ అంతే. తనంతట తానే మొలుస్తుందని దొరవారు అన్నారు కదా, నేనెందుకు అడ్డు చెప్పాలి?”

రాజు బసవప్ప వైపు తిరిగాడు. “తవ్వించిన ప్రతి గుంటలోనూ నీ చేత్తో దుంపతల నాటు.”

బసవప్ప బుట్ట పట్టుకుని ఈరమ్మ గుమ్మంలో దుంపతలలు అడుక్కున్నాడు. తీగలు మోచెయ్యంత ఎదిగేదాకా కోటలో అతనికి విస్తరి వెయ్యలేదు.