నీలం దీపం, పసుపు పూత

"ఒక వైద్యం పనిచెయ్యలేదని ఎన్నాళ్ళు చూశాక చెప్పెయ్యాలి సార్?" అని డాక్టర్ సుభాషిణి గారు అడిగారు. అడిగింది మా గురువు గారిని, చర్మవైద్యులు పేరిశాస్త్రి గారిని. రాజమండ్రిలో ఆయన దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చిన డాక్టర్లు ఎందరో గాని, ఈవిడంత సూటిగా అడిగినవాళ్ళు లేరు. ఆయనకొక అలవాటుండేది. ప్రశ్నకి జవాబు చెప్పేవారు కాదు. కళ్ళజోడు తీసి, పంచె చెంగుతో తుడుచుకుని, "చూద్దాం పదండి" అంటూ లేచేవారు. ఇరవయ్యేళ్ళు దాటినా ఆ కళ్ళజోడు తుడిచిన చప్పుడు నా చెవిలో ఉంది. తుడిస్తే చప్పుడేమిటని అడక్కండి. నా చెవులు అలాంటివి.

నేనెవరినంటారా? భీమశంకరాన్ని. మొటిమలకి దీపం వైద్యం మా ఊళ్ళో అడుగుపెట్టిన నాడు ఆ యంత్రం మీట నొక్కిన చెయ్యి ఇదే. పదహారుమంది కూలీలు కదపలేక చతికిలబడితే, నేనొక్కణ్ణే ఎడమచేత్తో దాన్ని మేడ ఎక్కించాను. నలుగురం పట్టుకున్నామని చెప్పుకు తిరిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, పోనివ్వండి. మనిషిని బల్లమీద పడుకోబెట్టి, కళ్ళకి నల్లటి మూతలు పెట్టి, మొహం మీదికి దీపాల పలక వంచేవాణ్ణి. మీట నొక్కగానే గదంతా నీలం. ఆ కాంతి చర్మంలోకి దిగి, మొటిమల్లో కాపరం పెట్టిన క్రిముల్ని చంపుతుంది. వారానికి రెండుసార్లు, ఇరవయ్యేసి నిమిషాలు. స్పిరిటు వాసన, పాత ఫ్యాను కిచకిచ, కిటికీలోంచి గోదావరి గాలి; ఆ గదిలో నేను మహారాజుని. కిటికీలో నీలం వెలుగు చూసి కింద రోడ్డుమీద రిక్షావాళ్ళు దండం పెట్టుకుని పోయేవారంటే నమ్మండి.

సుభాషిణి గారి ప్రశ్న వెనక ఒక పిల్ల ఉంది. పేరు మణిమంజరి, పందొమ్మిదేళ్ళది, హరికథ నేర్చుకుంది. దసరా పందిట్లో మొట్టమొదటిసారి చిడతలు పట్టుకుని నిలబడాలి. మొహం చూస్తే రెండు బుగ్గలూ, నుదురూ ఎర్రటి మొటిమలతో రేగిపోయి ఉన్నాయి. నాలుగు వారాల్లో ఎనిమిదిసార్లు మా దీపం కింద పడుకుంది. ఒక్కటంటే ఒక్కటి తగ్గలేదు. పండగ ఇంకో నాలుగు వారాలుంది. ఇవాళ తేల్చి చెప్పమని పొద్దున్నే వచ్చి కూర్చుంది. తగ్గదంటే ఇటునుంచి ఇటే, పందిట్లో కథల రోజులు పంచే భాగవతార్ గారింటికి వెళ్ళి, తన రోజు ఇంకొకరికి ఇచ్చెయ్యమని చెప్పేస్తుందిట. ఒకసారి కాదన్న పందిరి మళ్ళీ పిలవదని ఆ పిల్లకీ తెలుసు, మాకూ తెలుసు. సుభాషిణి గారు దీపం మానేసి గట్టి మాత్రలు మొదలుపెడదామన్నారు. నేను మాత్రం పలకని ఇంకో జానెడు కిందికి దింపుదామన్నాను. నా చేతికి లొంగని మొటిమ ఉభయగోదావరి జిల్లాల్లో అంతవరకూ పుట్టలేదు మరి.

గురువు గారు వచ్చి ఆ పిల్ల మొహంలోకి చాలాసేపు చూశారు. తరవాత నన్ను తెల్ల తువ్వాలూ, బేసిన్లో గోరువెచ్చటి నీళ్ళూ తెమ్మన్నారు. తువ్వాలు తడిపి, దాన్ని నాకూ ఇవ్వలేదు, సుభాషిణి గారికీ ఇవ్వలేదు. గుమ్మం పక్క స్టూలు మీద అప్పాయమ్మ గారు కూర్చుని ఉన్నారు. మణిమంజరికి మామ్మ, ప్రతిసారీ వెంటబెట్టుకొచ్చేది ఆవిడే. ఆవిడ చేతికిచ్చి మనవరాలి మొహం ఒక్కసారి తుడవమన్నారు. తుడిచింది. తువ్వాలు సగం పసుప్పచ్చగా అయిపోయింది.

ఆయన నన్ను మీట నొక్కమని, ఆ తువ్వాలుని దీపం కింద పరిచి పట్టుకున్నారు. తెల్లగా మిగిలిన సగంలోంచి నీలం వడకట్టినట్టు ఆయన అరచేతి మీదికి దిగింది. పచ్చబడ్డ సగం మీద పడ్డ కాంతి పచ్చిమామిడి రంగుకి తిరిగి, అక్కడే ఆగిపోయింది. దీపం వెయ్యబోయే ముందు మొహం కడిగారా అని అడగవలసింది నేనే. ప్రతిసారీ అడిగాను కూడా. శుభ్రంగా కడిగే తెచ్చానని అప్పాయమ్మ గారు ప్రతిసారీ చెప్పారు. అందులో అబద్ధం లేదు. ఆవిడ తరంలో పసుపు రాసుకుంటేనే మొహం కడుక్కున్నట్టు. వీధి అవతలి మనిషి ఒంటిమీద తామరని ఇవతలినుంచి పోల్చగల నా కళ్ళు, నెల్లాళ్ళు ఆ పసుపుని చూసి పిల్లది పసిమి ఛాయ అనుకున్నాయి.

"వట్టి మొహంతో వైద్యానికెలా తీసుకొస్తాను డాక్టరు బాబూ?" అంది అప్పాయమ్మ. "మీ దీపానికి తోడుంటుందని రోజూ రెండు పూతలు వేస్తున్నాను."

మణిమంజరి లేచి కూర్చుంది. "నా పందిరి నువ్వే కూల్చావే మామ్మా," అంది, అరవకుండా. ఆ తడి తువ్వాలు ఎక్కడ పెట్టాలో తెలియక ముసలావిడ ఒళ్ళో పెట్టుకుంది. చీరంతా తడిసిపోయింది.

గురువు గారు అప్పాయమ్మ గారి వైపు తిరిగి, ఇవాళ్టినుంచి ఈ గదిలో మొహం కడిగే పని మీదేనన్నారు. పసుపు మానమని కూడా చెప్పలేదు, పాదాలకి రాయమన్నారు. భీమశంకరం మీకు నీళ్ళందిస్తాడని నా ఉద్యోగం కూడా తేల్చేశారు. అలా యంత్రాలని ఒంటిచేత్తో ఎత్తినవాణ్ణి నాలుగు వారాలు చెంబు పట్టుకుని నిలబడ్డాను. మొదటిరోజు ఆవిడ వట్టి నీళ్ళతో కడిగి, మనవరాలి గడ్డం పట్టుకుని అలాగే ఉండిపోయింది. "ఇంత మండుతోందా తల్లీ," అంది. పిల్ల మొహం వెనక్కి తీసుకోలేదు. భాగవతార్ గారింటికీ వెళ్ళలేదు.

మూడోవారానికి ఎరుపు దిగింది. దసరా నాటికి దవడ కింద నాలుగైదు మిగిలాయి. ఆ సాయంత్రం పందిట్లో పదివేలమంది జనం, కుర్చీలు మాత్రం మూడొందలే ఉన్నాయి. మణిమంజరి రంగు పెద్దగా పులుముకోకుండానే వచ్చి నిలబడింది. పచ్చటి పాదాలు, వాటిమీద గజ్జెలు. మొదట గొంతు కాస్త తడబడింది. ముందువరసలో మామ్మ తొడమీద తాళం వెయ్యడం మొదలుపెట్టాక ఇక ఆగలేదు. అలాంటి గొంతూ, అలాంటి సాయంత్రాలూ నాకు మళ్ళీ దొరకలేదు. ఇది మటుకు పెంచి చెప్పడం లేదు.

మా వరసలో సుభాషిణి గారు గురువు గారి వైపు వంగి, దీపం పనిచేసింది సరే, మరి ఎన్నాళ్ళు చూడాలో మీరు చెప్పనేలేదన్నారు. ఆయన తాళం వేస్తున్న ఆ ముసలి చేతినే చూస్తూ అన్నారు:

"మొదటి నాలుగు వారాలు ఆవిడా మనమూ ఒకే మొహానికి వైద్యం చేశామమ్మా. ఎవరేం చేస్తున్నామో ఒకరినొకరం ఒక్కసారీ అడగలేదు."