దాహమేసిన పడవ

మళ్ళీ మంచినీళ్ళా! ఇప్పుడే కదే గ్లాసెడు తాగావు. సరే, తాగి పడుకో. నీకేనా ఏమిటి, పడవలకీ దాహం వేస్తుంది. నవ్వకు, విను.

అనగనగా గోదారి మధ్యలో ఒక లంక. ఆ లంకలో గంగాద్రి అని ఒక పడవాయన, అతని పెళ్ళాం అచ్చియ్యమ్మ. జనాన్ని అవతలి ఒడ్డుకి దాటించడానికి లంకంతటికీ ఉన్నది వాళ్ళ పడవొక్కటే.

ఎండాకాలం అక్కడ గోదారి పాయ మోకాలి లోతుకి దిగిపోతుంది. పిల్లాజెల్లా నడిచే దాటేస్తారు. అందుకని పడవని ఇసక మీదకి లాగేస్తారు. గంగాద్రి తండ్రి ఉన్నన్నాళ్ళూ దాని మీద తాటాకులు కప్పి, రోజూ సాయంత్రం నాలుగు బిందెలు నీళ్ళు పోసేవాడు. గంగాద్రి మాత్రం, "చెక్కకి నీళ్ళేవిటి, చాదస్తం కాకపోతే!" అనుకున్నాడు. రెండు నెలలూ ఎండకి వదిలేశాడు.

అప్పుడు ఎగువన వానలు పడ్డాయి. పది రోజుల్లో వరద ఎర్రనీళ్ళొచ్చి పాయ నిండిపోతుందన్నారు. ఇంట్లో చూస్తే కూతురు నూకరత్నం పురిటికొచ్చి ఉంది, నెలలు నిండాయి. ఆసుపత్రేమో అవతలి ఒడ్డున. గంగాద్రి పరుగున వెళ్ళి పడవని చూసుకున్నాడు. ఏముంది! పలకల మధ్య వేలు దూరేంత సందులు.

మొదట పాతగుడ్డలు కుక్కి బంకమట్టి మెత్తాడు. నీళ్ళలోకి తోశాడో లేదో, మట్టి కరిగి అడుగంతా బురద.

ఆ తర్వాత పంతం పట్టాడు. కొబ్బరిపీచు తెచ్చి, సందుసందుకీ ఉలి పెట్టి, సుత్తితో దిట్టంగా దట్టించాడు. పైన గుగ్గిలం కాచి పోశాడు. "ఇంక చీమ కూడా దూరదు" అని మీసం దువ్వాడు. పడవ నీళ్ళలో దిగింది. చెక్క నీళ్ళు తాగి ఉబ్బింది. ఉబ్బడానికి చోటేదమ్మా? సందుల నిండా పీచేనాయె! రెండోనాటికి మేకులూడి, ఒక పలక టప్పుమని పైకి లేచిపోయింది.

గంగాద్రి ఇసకలో కూలబడ్డాడు. "నా కూతురి గతేమిటే?" అని ఏడ్చేశాడు.

అచ్చియ్యమ్మ గయ్యిమంది. "పార పిడి వదులైతే ఏం చేస్తావయ్యా?"

"నీళ్ళలో నానేస్తాను."

"బండి చక్రం వదులైతే?"

"కాలవలో పడేస్తాం."

"మరి పడవేం పాపం చేసింది? ముందు దాని దాహం తీర్చు!"

"పడవని ముంచమంటావా!" గంగాద్రి లెంపలేసుకున్నాడు. పడవ వాళ్ళింట్లో ఆ మాటే అనరు కదా.

"ముంచడం కాదు, తాగించడం" అంది అచ్చియ్యమ్మ.

అప్పుడు దట్టించిన పీచంతా పీకేశారు. లేచిన పలకని మళ్ళీ బిగించారు. రేవులో లోతు తక్కువ చోట, పడవలో రాళ్ళెత్తి, మూడు రోజులు నీళ్ళ కిందే ఉంచారు. లంకలో జనం ఒకటే వేళాకోళం. "గంగాద్రి మావ పడవని ఊరేస్తున్నాడర్రా! ఉప్పూ కారం వేశావా మావా?" పాపం, తల కొట్టేసినట్టయింది. అయినా కదపలేదు.

నాలుగోనాడు రాళ్ళు దింపి నీళ్ళు తోడేశారు. సందులన్నీ వాటంతటవే మూసుకుపోయాయి! మూడంటే మూడు చోట్ల చెమ్మ ఊరుతోంది. అక్కడ సుద్దతో గుర్తు పెట్టి, పడవని నీడకి లాగి, ఆ మూడు చోట్లే పీచు పెట్టాడు. ఈసారి సుత్తి ఎంత మెల్లగా వేశాడనుకున్నావ్? పసిపిల్లని జోకొట్టినట్టు. పైచెమ్మ ఆరాక గుగ్గిలం పూసి, చెక్క లోపల తడి పోకముందే రేవులో దింపేశాడు.

తెల్లారేసరికి ఎర్రనీళ్ళు వచ్చేశాయి. మధ్యాహ్నానికి నూకరత్నానికి నెప్పులు. ఆసుపత్రికని పడవెక్కించారు. గంగాద్రి తెడ్డు వేస్తున్నాడన్న మాటేగాని చూపంతా పడవ అడుగునే. నీళ్ళు తోడడానికి అచ్చియ్యమ్మ చెంబు పట్టుకుని కూచుంది. ఏటి మధ్యకొచ్చేసరికి కేర్‌మంది! పడవలోనే పుట్టేసింది బంగారుతల్లి.

అచ్చియ్యమ్మ చెంబు పక్కన పడేసి, పడవ అడుగున పొడిగుడ్డ పరిచి పిల్లని పడుకోబెట్టింది. ఒడ్డు దగ్గరపడుతుంటే గంగాద్రి గుడ్డని తడిమి చూశాడు. తడి! మొహం పాలిపోయింది.

"కంగారు పడకు నాన్నా" అంది నూకరత్నం నీరసంగా నవ్వుతూ. "తడిపింది పడవ కాదు, నీ మనవరాలు!"

అప్పట్నించీ ఏ ఎండాకాలమూ గంగాద్రి నాలుగు బిందెలు మానలేదు. నడకొచ్చాక మనవరాలు ఆ చెంబుతోనే ఐదోది పోసేది.

కథేమో కంచికి, పడవేమో రేవుకి,
చెంబేమో గూటికి, మనమేమో ఇంటికి,
ఆఖరి గుక్క నోటికి, ఇక నిద్దర కంటికి!